వారసుడు కూర్చునేదాకా

ప్రొస్సీ నబవేసిని "నువ్వు చేసే ఉద్యోగమేంటమ్మా" అని ఎవరైనా అడిగితే "పెళ్ళిళ్ళు కుదురుస్తాను" అనేది. నవ్వకుండా అనేది. అడిగినవాళ్ళు బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. నిజానికి అందులో అబద్ధం పెద్దగా లేదు.

కంపాలాలో న్తిందా మార్కెట్‌కి ఎదురుగా, సిమెంటు కొట్టు పై అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. అక్కడ అందరూ కలిసి రాసేది ఒకటే ప్రోగ్రాం. ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఏ గ్రూపు నెత్తురు ఎంత ఉందో చూపించే ప్రోగ్రాం. ఊళ్ళ వైపు చిన్న ఆసుపత్రిలో కాన్పుకొచ్చిన మనిషికి నెత్తురు ఆగకుండా పోతోందంటే, ఇక్కడే ఎక్కించాలా, పెద్దాసుపత్రికి తోలాలా అని డాక్టరు ముందు ఆ తెర వైపే చూస్తాడు. అలాంటిది.

ఇంత ప్రోగ్రామూ ఒకే ముద్దగా ఉండదు. ముక్కలుగా రాస్తారు. స్టోరు లెక్క ఒక ముక్క, వార్డులో కనబడే తెర ఒక ముక్క, తేదీలు చూసేది ఇంకో ముక్క. ఒకటి ఇంకోదాని మీద ఆధారపడుతుంది, అది మరోదాని మీద. కింది ముక్క తయారవందే పైది తయారవదు. ఇది దానికోసం, అది దీనికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రెండూ తయారవవు, ఆ పూటకి అందరి పనీ గంగలో కలిసినట్టే. అన్నిటినీ వరసలో కూర్చి ఒక్కటిగా కట్టడాన్ని బిల్డ్ అంటారు. ఎవరు ఎవరి మీద వాలారో చూసుకుంటూ, ఆ వరస చెడకుండా కాపు కాయడమే ప్రొస్సీ పని. చేసినన్నాళ్ళూ ఎవరికీ కనబడని పని. చెడిన రోజున మాత్రం అందరూ ఆమె బల్ల చుట్టూ మూగుతారు.

ఆ పని ఆమెకు నేర్పింది వాలకిర. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు, ఎండైనా వానైనా ఒకటే గోధుమరంగు స్వెటర్. అతనిదీ ప్రొస్సీదీ ఒకే వంశం, మిడత వంశం. ఇక్కడి బగండా జాతివాళ్ళలో వంశానికి ఏ జీవి పేరుంటే ఆ వంశంవాళ్ళు దాన్ని చంపరు, తినరు. నవంబరు వానల్లో ఊరు ఊరంతా మిడతలు వేయించుకుని పొట్లాలకు పొట్లాలు నములుతుంటే వీళ్ళిద్దరూ ఓ మూలన కూర్చుని ఉత్త టీ తాగేవాళ్ళు.

"మా అన్నదమ్ముల్ని కరకరలాడించేస్తున్నారు. ఒక్క కన్నీటి చుక్కయినా రాల్చండర్రా, సిగ్గు లేకపోతే సరి" అని అరిచేవాడు వాలకిర.

ఒకే వంశం, పైగా వయసులో అంత పెద్దవాడు కాబట్టి వరసకి అతను ఆమెకు తండ్రి. "నాన్నా" అనే పిలిచేది. సొంత తండ్రి ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ పిలుపు ఆమె నోటికి కొత్త, అందుకే కాబోలు అవసరం లేనప్పుడు కూడా పిలుస్తూ ఉండేది.

ముక్కలన్నిటికీ వంశాల పేర్లు పెట్టింది వాలకిరే. స్టోరు లెక్కకి చేప, వార్డు తెరకి జింక, మరోదానికి కోతి. సంచి మీది తేదీ చూసి, ఆ నెత్తురు ఎప్పటిదాకా పనికొస్తుందో చెప్పే ముక్కని తను స్వయంగా రాశాడు, దానికి మిడత అని సొంత పేరే పెట్టుకున్నాడు. ప్రతి ముక్కకీ ఓ ఇంటిపెద్ద. ఎవరి ముక్కయినా ఇంకొకరి ముక్క మీద వాలాలంటే ఊరికే వాలిపోవడం కుదరదు. పిల్లనడగడానికి వెళ్ళినట్టు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఆ ఇంటిపెద్ద దగ్గరికి వెళ్ళాలి, నలుగురి ముందూ అడగాలి.

జింక ఇంటిపెద్ద సెమ్వాంగ. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి. తెర మీద సంచి పక్కన తేదీ చూపించడానికి అతనికి మిడత కావాల్సొచ్చింది. వేయించిన వేరుశెనగల పొట్లం పట్టుకుని వాలకిర ముందు మోకాలు వంచాడు.

"అయ్యా, మా ఇంట్లో ఓ కుర్రాడున్నాడు. మీ ఇంట్లో ఓ చక్కని పిల్ల ఉందని విని వచ్చాం."

"మా ఇంట్లో పిల్లలు బోలెడుమంది. పేరైనా తెలుసుకోకుండా వచ్చేశారేంటయ్యా?"

"తేదీలు లెక్కకట్టే పిల్లండీ."

"ఓహో, ఆ పిల్లా! గారాబంగా పెరిగింది. మీ కుర్రాడికా, తిన్నగా నిలబడటమే రాదు. మొన్న ముబెండే ఆసుపత్రిలో తెర చీకటైపోయి మా అందరి ప్రాణాలూ తోడేశాడు. మేనత్తా, నువ్వేమంటావ్?"

మేనత్త అంటే ప్రొస్సీ. బగండా పెళ్ళిమాటల్లో పిల్ల తరఫున మాట్లాడేది మేనత్తే, ఈ ఆటలో ఆ వేషం ఆమెది.

"ముందు ఆ పొట్లం ఇటివ్వమను నాన్నా. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్తాను."

అందరూ పగలబడి నవ్వారు. ఆ తరవాత వాలకిర గొంతు మారింది. "చూడు, మా పిల్లని మీరు తీసుకుంటున్నారు. రేపు మా ఇంటివాళ్ళు వచ్చి మీ ఇంట్లోంచి ఏదైనా అడిగితే ఇవ్వకూడదు. మా మీద వాలిన ఇంటివాళ్ళ మీదే మేం తిరిగి వాలకూడదు. ఒప్పుకుంటారా?" అన్నాడు. ఒప్పుకున్నామని సెమ్వాంగ అందరూ వినేలా చెప్పాకే ప్రొస్సీ ఆ బంధాన్ని బిల్డ్‌లో రాసింది.

పాత ముక్కని తీసేయాల్సి వచ్చినప్పుడూ అంతే. గబగబా చెరిపేయబోయేవాళ్ళని చూస్తే వాలకిరకు ఒళ్ళు మండేది. "ఇల్లు కూల్చేముందు లోపల ఎవరున్నారో చూశావా? పేరుపెట్టి పిలువు. పలికినవాళ్ళందరూ బయటికొచ్చాకే గునపం ముట్టుకో" అని అరిచేవాడు. మేనేజరు అపియో ఉత్తరాది మనిషి, లాంగో జాతి. మొదట్లో "మీ బగండా తతంగాలతో నా పని తెమలట్లేదు" అని విసుక్కునేది. కానీ ఆ తతంగం ఉన్నన్నాళ్ళూ బిల్డ్ ఒక్కసారి కూడా చిక్కుపడలేదు, అందుకని నోరు మూసుకుంది.

వాలకిర కాలేయం చెడి చనిపోయాడు. మంచం పట్టాక ఎక్కువ రోజులు లేడు. బుతంబాలలో, వాళ్ళ కాఫీ తోట పక్కన, చెట్టు బెరడు గుడ్డలో చుట్టి పూడ్చిపెట్టారు. భార్యా పిల్లలూ లేరు. తల్లి ఫెదెరేసి అవ్వ ఉంది, ఇద్దరు తమ్ముళ్ళున్నారు. పూడ్చేటప్పుడు అందరూ ఏడ్చారు, ప్రొస్సీకి మాత్రం ఏడుపు రాలేదు. గుంట అంచున చెప్పులు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది.

పూడ్చడంతో అయిపోదు. ఆఖరి కర్మ జరగాలి, పోయినవాడి స్థానంలో వారసుణ్ణి కూర్చోబెట్టాలి. కూర్చున్నవాడు ఆ రోజు నుంచి పోయినవాడి పేరుతో, అందరికీ ఆ పోయినవాడే అయి బతుకుతాడు. అందాకా పోయినవాడి వస్తువు ఏదీ ఎవరూ ముట్టుకోకూడదు. అయితే కాఫీ తోట ఎవరికని తమ్ముళ్ళిద్దరూ కత్తులు నూరుకున్నారు. కర్మ వాయిదా పడింది. మళ్ళీ పడింది.

ఆఫీసులో ఎవరో మిడతలో ఏదో చిన్న మార్పు కావాలన్నారు.

"వారసుడు కూర్చోలేదు. కూర్చునేదాకా మిడతని ఎవరూ ముట్టుకోవద్దు" అంది ప్రొస్సీ.

హాస్యమాడుతోందనుకుని సెమ్వాంగ కిసుక్కున నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. ఆ రోజే ఆమె మిడతకి తాళం వేసింది, అంటే ఎవరు మార్చబోయినా బిల్డ్ ఒప్పుకోకుండా చేసింది. ఎందుకంటే ఏం చెబుతుంది? అందులో ప్రతి వరసా ఆయన చేత్తో రాసిందే. ఒక్క వరస ఎవరైనా చెరిపితే ఆయన్ని ఇంకొంచెం చెరిపినట్టుండేది ఆమెకి. అదే నిజం. మిగతాదంతా ఆచారం పేరు చెప్పి కప్పుకున్న దుప్పటి.

ఆ తరవాత కొత్తరకం సంచులొచ్చాయి. వాటిలో నెత్తురు పాతవాటికంటే ఓ వారం ఎక్కువ నిలుస్తుంది. మిడతకి ఆ సంగతి తెలీదు. చెప్పాలంటే ముట్టుకోవాలి. సెమ్వాంగ ప్రొస్సీ బల్ల దాకా వచ్చి, వాలకిర గోడకి తగిలించి వదిలేసిన ఆ గోధుమరంగు స్వెటర్ చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కని బాధపెట్టడం ఎందుకులే అనుకుని, మిడతకి నకలు ఒకటి తీసి తన జింక ఇంట్లోనే దాచుకున్నాడు. ఆ నకల్లో కొత్త లెక్క రాసుకున్నాడు. సొంత ఇంట్లో ఉన్నదానికి ఎవరినీ అడగక్కర్లేదు, బంధం రాయక్కర్లేదు, బిల్డ్‌కి కనబడనే కనబడదు. చేప మాత్రం పాత మిడత మీదే ఉంది. ఇంకా ఎవరెవరు ఏమేం నకళ్ళు తీసుకున్నారో ఎవరికీ తెలీదు. అందరూ ఆమె మీది ప్రేమతోనే చేశారు. ఆమె కట్టిన వరసలో ఒక్క బంధమూ మారలేదు, బిల్డ్ బాగుందని చెప్పే పచ్చదీపం రోజూ వెలుగుతూనే ఉంది.

ఓ మధ్యాహ్నం, కింద కొట్టు నుంచి తెప్పించిన ఉడకబెట్టిన అరటికాయల ముద్ద, వేరుశెనగ పులుసు ముందు పెట్టుకుని ప్రొస్సీ ఇంకా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోలేదు, ఫోన్ మోగింది. పడమటి రోడ్డు మీది ఓ చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ చూసుకునే బ్యారుహంగ.

"అమ్మా, తెర మీద నాలుగు సంచులు చూపిస్తోంది. ఫ్రిజ్‌లో ఒక్కటి కూడా లేదు."

"బాగా చూశారా? కింది అరలో?"

"అరలన్నీ చూశాను తల్లీ. స్టోరు లెక్క ప్రకారం వాటి కాలం తీరిపోయిందట, సోమవారం పారేశారు. పొద్దున ఇక్కడ ఒకామెకి కాన్పయింది. నెత్తురు ఆగట్లేదు. పెద్దాసుపత్రికి పంపేద్దామన్నాను నేను. డాక్టరుగారు తెర చూసి, ఇక్కడే నాలుగుంటే పంపడమెందుకన్నారు. ఆమె గ్రూపు సరిచూసుకుని నేను ఫ్రిజ్ తెరిచేసరికి ఇదీ సంగతి."

 "పంపేయండి! ఇప్పుడే పంపేయండి ఆమెని!"

"బండి ఎక్కిస్తున్నారమ్మా. ఆలస్యమైపోయింది, అదే నా భయం."

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. దారిలోనే పోయిందన్నాడు. కబసింగుజి అని పేరు చెప్పాడు. ప్రొస్సీ అడగకపోయినా చెప్పాడు. బిడ్డ బాగానే ఉందన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కోపం ఉంటే ప్రొస్సీకి కాస్త సులువుగా ఉండేదేమో.

ఏం జరిగిందో తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. చేప పాత లెక్కతో సంచుల కాలం తీరిందని చెప్పింది, స్టోరువాళ్ళు పారేశారు. కాలం తీరిన సంచి దానంతటదే లెక్కలోంచి పోతుంది కాబట్టి పారేశామని వేరే రాయరు. జింక తన నకలు చూసుకుని, ఇంకా వారం టైముంది కదా, సంచులున్నాయి అని చూపించింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఒకే ప్రశ్నకి ఒకే ప్రోగ్రాంలో రెండు జవాబులున్నాయి, అంతే.

సెమ్వాంగ తల వంచుకుని నిలబడ్డాడు. "అక్కా, నకలు తీసింది నేనే. నన్ను తిట్టు."

ప్రొస్సీ తిట్టలేదు. నకలు ఎందుకు తీయాల్సొచ్చిందో ఆమెకి తెలుసు.

"ఆ చేప దగ్గర కూడా కొత్త లెక్క ఒకటి అతికించి పంపేయండి. ఎనిమిది కొత్త ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి" అంది అపియో. తిట్టినట్టు కాదు, నీరసంగా అంది.

"అతికిస్తే ఇంకో నకలు అవుతుంది. మళ్ళీ సంచి మారుతుంది, మళ్ళీ రెండు జవాబులొస్తాయి. మళ్ళీ ఎవరో ఒకరు పోతారు" అంది ప్రొస్సీ. "మిడతనే కూల్చి కట్టాలి. ఒక్కటే ఉండాలి. నకళ్ళన్నీ బయటికి రావాలి."

"మరి కట్టు. ఎవరొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. కానీ పూడ్చిపెట్టినవాణ్ణి మళ్ళీ పైకి తీసి కోసినట్టనిపించింది ఆమెకి. మర్నాడు టాక్సీ ఎక్కి బుతంబాల వెళ్ళింది.

ఫెదెరేసి అవ్వ వాకిట్లో చాప మీద కూర్చుని బీన్స్ ఒలుస్తోంది. ప్రొస్సీ మోకరిల్లి నమస్కారాలన్నీ అయ్యాక, వాలకిర రాసిన చిన్న పని ఒకటుందని, దాన్ని కాస్త మార్చాలని, అవ్వ సరేనంటే చేస్తామని నసిగింది.

అవ్వ చేతులాగలేదు. "కాఫీ తోట నాదని పెద్దోడొచ్చాడు. కాదు నాదని చిన్నోడొచ్చాడు. నా కొడుకు సైకిల్ కోసం పక్కింటోడొచ్చాడు. ఇప్పుడు నువ్వా?"

"నాకు ఆయన వస్తువేం వద్దు అవ్వా. మార్చాలంతే."

"మార్చడమంటే ముట్టుకోవడమే కదే. వాడి గోరుముక్క కూడా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, వారసుడు కూర్చునేదాకా! ఆ వెధవలిద్దరూ కూర్చోబెట్టనివ్వట్లేదు. వాడు ఉన్నప్పుడు నాన్నా నాన్నా అనేదానివి, పోగానే ఇంటి మీద పడ్డావా?"

కబసింగుజి పేరు ప్రొస్సీ నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పేరు చెబితే తాళం సంగతి చెప్పాలి. తాళం సంగతి చెబితే ఒక మనిషి ఎందుకు చచ్చిపోయిందో చెప్పాలి. చెప్పకుండానే లేచింది. అవ్వ ఇచ్చిన బీన్స్ మూట ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చేసింది. టాక్సీలో దారంతా తన మీద తనకే అసహ్యమేసింది.

వద్దన్నా చేసింది. చేయకుండా ఎలా ఉంటుంది? ఇంకో తెర ఇంకో ఊళ్ళో లేని నెత్తురు చూపిస్తూ ఉండవచ్చు, ఆ క్షణానే.

వాలకిర చేసినట్టే కుర్చీలన్నీ గుండ్రంగా వేయించింది. ఈసారి ఎవరి చేతుల్లోనూ పొట్లాల్లేవు, నవ్వుల్లేవు. మధ్యలో నిలబడి ఒక్కో ఇంటినీ పేరుపెట్టి పిలిచింది. "జింకా, నీ ఇంట్లో మిడత నకలుందా?"

"ఉంది" అన్నాడు సెమ్వాంగ.

"చేపా?"

"లేదక్కా."

"కోతీ?"

కోతి ఇంటిపెద్ద ఎప్పుడూ ఉలకని పలకని మనిషి. నేల చూపులు చూస్తూ "రెండున్నాయి" అంది. అవి ఒకదానితో ఒకటి కూడా కలవవట. అపియో రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పిలుపు పూర్తయ్యాక తాళం తీసి మిడత లోపలికి వెళ్ళింది ప్రొస్సీ. ఆయన రాసిన వరసలు ఒక్కోటీ చదువుతూ, ఉంచాల్సినవి ఉంచి, తీయాల్సినవి తీసి, కొత్త సంచుల లెక్క రాసింది. ఒక్కో ఇంట్లోంచి నకలు బయటికి వచ్చాక ఆ ఇంటిని మళ్ళీ మిడత మీద వాల్చింది. బిల్డ్ మొదటిసారి ఎర్రబడింది, రెండోసారీ ఎర్రబడింది. అన్ని ఇళ్ళూ కుదురుకున్నాక పచ్చబడింది. తెరకీ స్టోరుకీ ఒకటే జవాబు. ఆసుపత్రులన్నిటికీ పంపారు. అందరూ ఆమె భుజం తట్టారు, ఆమెకి మాత్రం ఎవరి కళ్ళలోకి చూడాలన్నా భయంగానే ఉంది.

ఎట్టకేలకు వంశం పెద్దలు తమ్ముళ్ళిద్దరికీ గడ్డి పెట్టి కర్మకి రోజు పెట్టారు. వారసుడు తమ్ముళ్ళలో ఎవరూ కాదు, వంశంలో అన్నదమ్ముల వరస పిల్లల్లోంచి మసాకా రోడ్డులో టాక్సీ నడిపే ముప్ఫై ఏళ్ళవాణ్ణి ఎంచారు. పొద్దున్నే గుమ్మం ముందు బెరడు గుడ్డ పరిచి దాని మీద నిలబెట్టి, ఇంకోటి భుజాల మీద ముడివేసి, చేతికి బల్లెం ఇచ్చారు. "ఇతనే వాలకిర" అన్నారు.  అయినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి, నేను నీ చెల్లెల్ని, నేను నీ పెద్దనాన్న మనవణ్ణి అని చెప్పుకుంటూ ఏదో ఒకటి ఇచ్చి వెళ్తున్నారు. అతను పోయినవాడిలాగే అందరినీ పలకరిస్తున్నాడు. పక్కనే చాప మీద అవ్వ.

ప్రొస్సీ వంతొచ్చింది. మోకరిల్లింది.

"నాన్నా, నేను ప్రొస్సీని. నీ కూతుర్ని."

"బాగున్నావా తల్లీ."

"బాగాలేను నాన్నా. నువ్వు లేనప్పుడు నీ ఇల్లొకటి కూల్చి మళ్ళీ కట్టాను. మీ అమ్మ వద్దంది. అయినా కూల్చాను."

జనంలో గుసగుసలు లేచాయి. తమ్ముళ్ళిద్దరూ మెడలు నిక్కించారు, తమకి తెలీని ఇల్లెక్కడుందా అని. టాక్సీ నడిపేవాడు అవ్వ వైపు చూశాడు. అవ్వ మొహం పక్కకి తిప్పుకుంది. జవాబు అతనే చెప్పాలి. ఇల్లు కూలిందని వింటే ఎవరికైనా నోటికొచ్చే మాటే అతనికీ వచ్చింది.

"కూల్చేటప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?"

ఆ మాట ఎన్నిసార్లు వింది! ఆ గోధుమరంగు స్వెటర్ మనిషి నోట, ఆ పెద్ద గొంతుతో.

"లేరు నాన్నా. అందర్నీ పేరుపెట్టి పిలిచాను. అందరూ బయటికొచ్చాకే కూల్చాను." ఆగింది. నేల మీద చేతులాన్చుకుంది. "అంతకుముందే ఒకామె లోపల ఉండిపోయింది. ఆ ఇంటికి తాళం వేసింది నేనే. నువ్వొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని వేశాను. అందుకే ఆమె పోయింది. పసిబిడ్డ తల్లి."

అతను బల్లెం మీద చెయ్యి మార్చుకున్నాడు.

"పేరేంటి?"

"కబసింగుజి."

"కబసింగుజి" అన్నాడు అతను కూడా. తరవాత మెల్లిగా అడిగాడు. "తల్లీ, తాళం వెయ్యమని నేను చెప్పానా?"

"లేదు నాన్నా. నువ్వెప్పుడూ చెప్పలేదు."

"మరి ఇక వెయ్యకు."

అవ్వ చాప మీద నుంచి లేవలేక, చేతులతో పాక్కుంటూ దగ్గరికొచ్చింది. ప్రొస్సీ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "బీన్స్ ఒలుస్తున్న రోజున ఈ పేరు నాకెందుకు చెప్పలేదే? చెప్పుంటే నేనే పొమ్మనేదాన్ని కదే. నా కొడుకు పోయాడని ఇంకో తల్లి కూతురు కూడా పోవాలా?"

"నోరు రాలేదు అవ్వా."

ప్రొస్సీ అప్పుడు ఏడ్చింది, వాలకిరని పూడ్చిన రోజున రాని ఏడుపంతా ఏడ్చింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు తమ వంతు కోసం ఆమె లేచేదాకా ఆగారు.